ఫ్రీమాంట్ జనాభా లెక్క: ‘ఆసియన్’ గడి లోపల ఎవరున్నారు?

అందరికీ నమస్కారం.

ఈ పూట మాట్లాడబోయేది ఒకే ఒక ఊరి గురించి. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున, అలమెడా కౌంటీ దక్షిణపు కొసన ఉన్న ఫ్రీమాంట్. 2020 జనగణనలో 2,30,504 మంది. మీలో చాలామంది బడి కమిటీల్లో, తెలుగు సంఘాల్లో, పోలింగ్ కేంద్రాల్లో పనిచేస్తున్నవాళ్లు. ‘ఈ ఊళ్లో మనవాళ్లు ఎంతమంది’ అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నకు జనగణన పట్టికలోంచి జవాబు ఎలా తీయాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అన్నదే నేను చెప్పదలచుకున్నది. జాతుల పట్టికలో ‘ఆసియన్’ అనే వరస చూసి ఈ ఊరిని అర్థం చేసుకున్నామనుకుంటే పొరబాటే. ఏ పనికైనా ఆ వరసను విడదీయాల్సిందే.

ముందు 2010 పట్టిక చూద్దాం. అది పూర్తిగా విడదీసి చూడటానికి వీలుగా ఉంది. ఆ ఏడు మొత్తం జనాభా 2,14,089. అందులో శ్వేతజాతివాళ్లు 70,320. నల్లజాతివాళ్లు 7,103. అమెరికా ఆదివాసులు 976. ఆసియన్లు 1,08,332. పసిఫిక్ దీవులవాళ్లు 1,169. ‘వేరే జాతి’ అన్నవాళ్లు 13,605. రెండు, అంతకంటే ఎక్కువ జాతులు చెప్పుకున్నవాళ్లు 12,584. ఈ ఏడూ కూడండి, సరిగ్గా 2,14,089 వస్తుంది. ఆ కింద ఇంకో వరస ఉంటుంది: హిస్పానిక్ లేదా లాటినో, 31,698, అంటే 14.8 శాతం. అన్నీ కలిపి ‘చక్రం’ బొమ్మ గీసేవాళ్లు దాన్ని కూడా కలిపేస్తారు. మొత్తం 114.8 శాతం అవుతుంది. ఇది నేను చాలా కరపత్రాల్లో, సంఘాల నివేదికల్లో చూసే తప్పు.

కారణం ఫారంలోనే ఉంది. 2010లోనూ 2020లోనూ జనగణన ఫారం రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగింది. హిస్పానిక్ మూలం ఉందా అన్నది ఒకటి, జాతి ఏమిటన్నది రెండోది. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం మొదటిదానికి అవునని చెప్పి, రెండోదానిలో శ్వేతజాతి గడిలోనో ‘వేరే జాతి’ గడిలోనో టిక్కు పెట్టవచ్చు. కాబట్టి ఆ 31,698 మంది పైన చెప్పిన ఏడు వరసల్లో అప్పటికే ఉన్నారు. ఎవరినీ రెండుసార్లు లెక్కపెట్టకుండా చూడాలంటే హిస్పానిక్‌లను ముందు ఒక పక్కకు తీసి, మిగిలినవాళ్లను మాత్రమే జాతులవారీగా విడదీసిన పట్టిక వాడాలి. జనగణనలో దాని పేరు పి2. ఏటేటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో అయితే బి03002. ఆ పద్ధతిలో చూస్తే 2010లో ఫ్రీమాంట్ శ్వేతజాతి వాటా 32.8 శాతం కాదు, 26.5 శాతం. ఒకే ఊరు, ఒకే ఏడాది, రెండు అంకెలూ నిజమే. ఏది వాడారో చెప్పకపోతే వినేవాడు మోసపోతాడు.

ఇక ఆసియన్ల దగ్గరికి వద్దాం. 2000లో ఈ ఊళ్లో ఆసియన్లు 36.98 శాతం. 2010లో 50.6 శాతం, సగం దాటారు. 2020 నాటికి 60 శాతం పైకి వెళ్లారు. 2010లో ఆ 50.6లో భారతీయులు 18.1 శాతం, చైనీయులు 17.8, ఫిలిప్పీన్స్ వాళ్లు 6.7, వియత్నాం వాళ్లు 2.5. ఈ నలుగురిలో ఏ ఇద్దరికీ భాష ఒకటి కాదు. వచ్చిన కాలం వేరు, వచ్చిన దారి వేరు. భారతీయుల్లో కూడా పంజాబీ కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫ్రీమాంట్ గురుద్వారా 1978 నాటిది, ఇప్పుడు అది ఉన్న దారి పేరే గురుద్వారా రోడ్. తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చింది 1990 వలస చట్టం హెచ్1బి వీసాను ఏర్పాటు చేశాక. పంజాబీ పెద్దాయన ఓటరై దశాబ్దాలు గడిచి ఉండవచ్చు. పక్కింటి తెలుగు ఇంజనీరు గ్రీన్‌కార్డు వరుసలోనే ఉండి ఉండవచ్చు. పట్టికలో ఇద్దరూ ఒకే గడి.

అసలీ గడి ఎప్పటినుంచీ ఉన్నదేమీ కాదు. 1920, 1930, 1940 జనగణనల్లో భారతదేశం నుంచి వచ్చినవాళ్లందరినీ, వాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కులే అయినా, ‘హిందూ’ అనే జాతిగా రాసుకున్నారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయుడు చట్టం చెప్పే శ్వేతజాతిలోకి రాడని తేల్చి పౌరసత్వం నిరాకరించింది. 1970 జనగణన వచ్చేసరికి మళ్లీ భారతీయులను శ్వేతజాతిలో కలిపింది. 1980లోగానీ ‘ఆసియన్ ఇండియన్’ అని ప్రత్యేకంగా గడి రాలేదు. అంచేత 1970 ఫ్రీమాంట్ అంకెల్ని, 1980 అంకెల్ని పక్కపక్కన పెట్టి ‘పదేళ్లలో ఇంతమంది భారతీయులు వచ్చారు’ అని రాస్తే అది లెక్క కాదు, గడి మారిన ఫలితం. పాత అంకెలు వాడేటప్పుడు మొదట ఆ ఏటి ఫారం తెచ్చుకుని ప్రశ్న ఎలా అడిగారో చదవండి.

ఈ ఊరు ఇలా ఎందుకు తయారైందో కూడా కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే అంకెలు గాలిలో ఉంటాయి. ఈ నేల ఒలోనీ అనే ఆదివాసులది. 1797లో స్పానిష్ మతగురువులు ఇక్కడ మిషన్ శాన్ హోసే అనే చర్చి కేంద్రం కట్టారు. తరవాత ఇది పొలాల ప్రాంతం. అజోర్స్ దీవుల పోర్చుగీసువాళ్లు, మెక్సికన్లు, చైనీయులు, జపాన్ రైతులు ఇక్కడ మట్టి తవ్వారు. 1913లో కాలిఫోర్నియా తెచ్చిన పరదేశీయుల భూమి చట్టం, పౌరులయ్యే అర్హత లేనివాళ్లు సాగుభూమి కొనకూడదంది. ఆ అర్హత ఆసియా వాళ్లకే లేదు. 1920లో దాన్ని ఇంకా బిగించారు. 1942లో జపాన్ కుటుంబాలను శిబిరాలకు తరలించారు. ఆ చట్టం 1952లోగానీ చెల్లకుండా పోలేదు.

1956 జనవరి 23న సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు ఊళ్లు కలిసి ఫ్రీమాంట్ నగరమయ్యాయి. 1960లో 43,790 మంది. 1970లో 1,00,869. 1980లో 1,31,945. 1990లో 1,73,339. మొదటి పదేళ్లలో జనం రెట్టింపుకు మించారు. జనరల్ మోటార్స్ కర్మాగారం వచ్చిన కాలం అది. ఆ కార్మికులకు ఇళ్లు లేచాయి. మరి ఆ ఇళ్లు ఎవరికి దొరికాయి? 1948లో సుప్రీంకోర్టు, ఇంటి పత్రాల్లో రాసుకునే జాతి షరతులను కోర్టులు అమలు చేయకూడదంది. కానీ అమ్మేవాడు, బ్రోకరు, బ్యాంకు ‘కాదు’ అంటే ఏం చేస్తారు? కాలిఫోర్నియా 1963లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం చేస్తే, 1964లో ఓటర్లు 14వ ప్రతిపాదనతో దాన్ని కొట్టేశారు. ఆ ప్రతిపాదన చెల్లదని సుప్రీంకోర్టు 1967లో తేల్చింది. దేశమంతటికీ చట్టం వచ్చింది 1968లో.

ఈ వరుస ఎందుకు చెప్పానంటే, పట్టికలో అందరూ దాటేసి పోయే ఒక అంకెకు జవాబు ఇక్కడుంది. 2010లో ఫ్రీమాంట్‌లో నల్లజాతివాళ్లు 3.3 శాతం. అదే కౌంటీలో ఉన్న ఓక్లండ్‌లో అదే ఏడు 28 శాతం. రెండు ఊళ్లనూ కలుపుతూ 1972 నుంచి బార్ట్ రైలు నడుస్తోంది. ఫ్రీమాంట్‌లో ఇళ్లు కార్మికుడి జీతానికి అందుబాటులో ఉన్న రోజుల్లో నల్లజాతి కుటుంబాలకు తలుపులు మూసి ఉన్నాయి. చట్టం తలుపు తెరిచిన కొన్నేళ్లకే ధర పెరిగిపోయింది. మన తెలుగువాళ్లు వచ్చింది ఆ తలుపు తెరిచాక. ఆసియా వాళ్లకు వలస దారి తెరిచిన 1965 వలస చట్టం, 1968 ఇళ్ల చట్టం రెండూ పౌరహక్కుల ఉద్యమం గెలిచినవే. ఈ ఊరి భిన్నత్వం గురించి గొప్పగా చెప్పుకునే ప్రతి సభలోనూ ఈ 3.3 శాతం ప్రస్తావన రావాలని నా గట్టి అభిప్రాయం.

శ్వేతజాతి వరస గురించి కూడా ఒక జాగ్రత్త. 2000లో 47.69 శాతం, అంటే దాదాపు 97,000 మంది. 2010లో 70,320. ‘ఆసియన్లు వచ్చారు, వాళ్లు పారిపోయారు’ అని తేల్చేసేవాళ్లున్నారు. పట్టిక ఆ మాట చెప్పదు. పట్టిక చెప్పేది రెండు తేదీల నాటి తలల లెక్క. ఆ మధ్యలో చనిపోయినవాళ్లు, రిటైరై ఇల్లు అమ్ముకుని తక్కువ ధరల ప్రాంతానికి వెళ్లినవాళ్లు, చదువుకని బయటికి వెళ్లి ఇక్కడ ఇల్లు కొనలేకపోయిన పిల్లలు అందరూ ఉంటారు. కారణం తెలియాలంటే వయసులవారీ పట్టిక, ఇళ్ల అమ్మకాల రికార్డు, వలస పట్టిక మూడూ చూడాలి.

ఇప్పుడు పట్టికలో కనబడనివాళ్ల సంగతి. ఫ్రీమాంట్ సెంటర్‌విల్ ప్రాంతాన్ని ‘లిటిల్ కాబూల్’ అంటారు. 1979లో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగాక వచ్చిన శరణార్థులతో అది పెరిగింది. 2021లో కాబూల్ తాలిబన్ల చేతికి పోయాక ఇంకొందరు వచ్చారు. అమెరికాలో అఫ్గాన్లు బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో ఇదొకటి. అయినా జాతుల పట్టికలో ‘అఫ్గాన్’ అని వెతికితే గడే లేదు. ఒకరు శ్వేతజాతిలో టిక్కు పెడతారు, ఒకరు ‘వేరే ఆసియన్’ అని రాస్తారు, ఇంకొకరు ‘వేరే జాతి’ అంటారు. అన్నదమ్ములే వేర్వేరు గడుల్లో పడవచ్చు. వాళ్లను లెక్కించాలంటే జాతి పట్టిక వదిలిపెట్టి కమ్యూనిటీ సర్వేలో వేరే రెండు పట్టికలకు వెళ్లాలి. బి04006, అంటే పూర్వీకుల మూలం. బి05006, అంటే విదేశాల్లో పుట్టినవాళ్లు ఏ దేశంలో పుట్టారన్నది. మొదటిదానిలో ఇక్కడే పుట్టిన పిల్లలు కూడా వస్తారు. రెండోదానిలో రారు. రెంటి మధ్య తేడా చూస్తే ఇక్కడ పుట్టిన తరం ఎంత పెద్దదో స్థూలంగా తెలుస్తుంది.

సరే, తెలుగువాళ్లు. ఒక మాట ఖరాఖండీగా చెప్పాలి: పదేళ్ల జనగణన భాష అడగదు. భాష అడిగేది కమ్యూనిటీ సర్వే. అది దేశమంతటా ఏడాదికి దాదాపు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది. అయిదేళ్లు నిండిన ప్రతి మనిషి గురించి మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడతారా? ఏ భాష? ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారు? చివరిదానికి నాలుగు జవాబులు: చాలా బాగా, బాగా, అంత బాగా కాదు, అసలు రాదు. ‘చాలా బాగా’ కంటే తక్కువ ఏది చెప్పినా ఇంగ్లీషు పరిమితంగా వచ్చినవాళ్ల లెక్కలోకి వెళ్తారు. మన పెద్దవాళ్లకు వచ్చిన ఇంగ్లీషును ‘చాలా బాగా’ అని పిల్లలు మర్యాద కోసం టిక్కు పెట్టేస్తుంటారు. ఆ ఒక్క టిక్కుతో ఆసుపత్రిలో తెలుగు దుబాసీ అవసరం లేదన్న లెక్కకు వాళ్లు చేరిపోతారు.

ఇక్కడే ఒక పెద్ద ఉచ్చు ఉంది. భాషల చిన్న పట్టిక సి16001 అన్నది తెరిచి చూడండి. హిందీ, పంజాబీ, గుజరాతీ అన్నీ ‘ఇతర ఇండో యూరోపియన్ భాషలు’ అనే వరసలో కలిసిపోతాయి. తెలుగు, తమిళం ‘ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల భాషలు’ అనే వరసలోకి పోతాయి. అంటే ‘ఇండియన్ భాషలు మాట్లాడేవాళ్లు’ అని ఎవరైనా మొదటి వరస చూపిస్తే అందులో తెలుగువాడు ఒక్కడూ లేడు. రెండో వరసలో వెతికితే తెలుగుతో బాటు ఇంకా ఎన్నో భాషలుంటాయి. తెలుగును విడిగా చూపే పట్టిక బి16001. 2016 నుంచి అందులో తెలుగుకు, తమిళానికి సొంత వరసలు వచ్చాయి. అంతకుముందు లేవు. కానీ అంత వివరంగా ఉన్న పట్టికను చిన్న ప్రాంతాలకు ఇవ్వరు, వ్యక్తుల గోప్యత కోసం. అప్పుడు చేయాల్సింది వ్యక్తుల స్థాయి నమూనా ఫైళ్లు, పమ్స్ అంటారు, వాటిని దింపుకోవడం. పేర్లు, చిరునామాలు తీసేసిన రికార్డులవి. కనీసం లక్ష జనాభా ఉండేలా గీసిన ప్రాంతాలవారీగా దొరుకుతాయి. ఆ ప్రాంతాల హద్దులు నగరం హద్దులతో సరిగ్గా కలవాలని లేదు. పటం పక్కన పెట్టుకుని చూడండి.

ఆ ఫైల్లో భాషకు ఎల్‌ఏఎన్‌పీ, వయసుకు ఏజీఈపీ, పౌరసత్వానికి సీఐటీ, ఇంగ్లీషు స్థాయికి ఈఎన్‌జీ అనే గళ్లుంటాయి. సీఐటీలో 5 అంటే పౌరుడు కాదు. 1 నుంచి 4 వరకు పౌరులే. తెలుగు సంకేతం ఎంతో ఆ ఏటి సూచిక పుస్తకంలో చూసి వడకట్టండి. తరవాత కొత్తవాళ్లు చేసే తప్పు, మిగిలిన వరసల్ని లెక్కపెట్టి అదే జనాభా అనుకోవడం. ఒక్కో రికార్డు ఎంతమందికి ప్రతినిధో పీడబ్ల్యూజీటీపీ అనే గడిలో ఉంటుంది. ఆ గడిని కూడాలి. ఒకరికి అది 8 ఉండవచ్చు, ఇంకొకరికి 40 ఉండవచ్చు.

ఇవన్నీ నమూనా లెక్కలు కాబట్టి ప్రతి అంకె పక్కనా పొరపాటు హద్దు, అంటే అసలు అంకె అటూ ఇటూ ఎంత ఉండవచ్చో, ఇస్తారు. జనగణన శాఖ 90 శాతం నమ్మకంతో ఇస్తుంది. ఉదాహరణకు, ఇవి నిజమైన అంకెలు కావు సుమా, ఒక భాషవాళ్లు 11,000, హద్దు 1,500 అనుకోండి. ఇంకో భాషవాళ్లు 9,500, హద్దు 1,400. తేడా 1,500. మొదటివాళ్లు ఎక్కువ అనొచ్చా? రెండు హద్దుల వర్గాలు కూడి వర్గమూలం తీయండి: సుమారు 2,050. తేడా దానికంటే చిన్నది కాబట్టి ఎవరు ఎక్కువో చెప్పలేం. 65,000 జనాభా దాటిన ఊళ్లకు ఒక్క ఏడాది లెక్క, అన్ని ఊళ్లకూ అయిదేళ్ల లెక్క వస్తాయి. చిన్న భాషా సమూహానికి అయిదేళ్లదే వాడండి. 2018–2022ని 2019–2023తో పోల్చి పెరిగారు తగ్గారు అనకండి, నాలుగేళ్ల నమూనా రెండిట్లోనూ ఒకటే. ఒకదానిమీద ఒకటి పడని అయిదేళ్లనే పోల్చాలి.

ఈ అంకెలతో ఏం పని అంటే, మొదటిది ఓటు. ఫ్రీమాంట్ 2017లో నగర మండలి ఎన్నికలకు ఆరు జిల్లాల పద్ధతికి మారింది, అంటే ఊళ్లోని ఒక్కో భాగం తన సభ్యుణ్ణి తానే ఎన్నుకుంటుంది. మేయరును మాత్రం ఊరంతా ఎన్నుకుంటుంది. జిల్లాలు సమానంగా ఉండాలనేది మొత్తం జనాభాను బట్టి. అందులో పసిపిల్లలు, హెచ్1బి మీద ఉన్నవాళ్లు అందరూ లెక్కే. కానీ ఒక సమూహానికి ఓటు బలం ఉందా అన్నది చూసేది 18 నిండిన పౌరుల లెక్కతో. మన దగ్గర ఈ రెండు అంకెలకూ చాలా దూరం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. అందుకే భారతదేశంలో పుట్టినవాళ్ల వరుస ఏళ్ల తరబడి సాగుతోంది. జనగణనలో ఉంటారు, ఇంటి పన్ను కడతారు, ఓటర్ల జాబితాలో ఉండరు. జిల్లాల వాదనకు జనగణన శాఖ ఇచ్చే పౌర ఓటర్ల పట్టికలో ‘ఆసియన్’ వరకే ఉంటుంది, భారతీయులు విడిగా ఉండరు. విడిగా కావాలంటే మళ్లీ నేను చెప్పిన పమ్స్ ఫైళ్లే.

రెండోది బ్యాలెట్ భాష. ఫెడరల్ ఓటు హక్కుల చట్టం 203వ సెక్షన్ ప్రకారం ఒక కౌంటీలో ఇంగ్లీషు సరిగ్గా రాని ఓటు వయసు పౌరులు ఒకే భాషా సమూహం నుంచి 10,000 మించినా, లేక ఓటు వయసు పౌరుల్లో 5 శాతం మించినా, వాళ్లలో నిరక్షరాస్యత దేశ సగటు కంటే ఎక్కువుంటే ఆ భాషలో సామగ్రి ఇవ్వాలి. అయిదేళ్లకోసారి జాబితా వేస్తారు. అందులో మన సమూహం పేరు ‘ఆసియన్ ఇండియన్’. ఏ భాష అన్నది స్థానికంగా తేల్చుకుంటారు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో హిందీ, న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీ అలా వచ్చినవే. కాలిఫోర్నియా సొంత చట్టం ఇంకా కిందికి దిగుతుంది. ఒక పోలింగ్ ప్రాంతంలో ఓటు వయసువాళ్లలో 3 శాతం మందికి ఒక భాష అవసరముంటే నమూనా బ్యాలెట్ ఆ భాషలో పెట్టాలి. తెలుగు అడగాలనుకునేవాళ్లు పట్టుకోవాల్సింది ఈ 3 శాతం నిబంధననే. దానికి ఆధారం మళ్లీ ఆ సర్వేలో మీ అమ్మానాన్నల పేరిట పెట్టిన టిక్కే.

2020 అంకెల మీద రెండు హెచ్చరికలు. జాతి ప్రశ్నలో గడి కింద సొంత మాటల్లో రాసిన జవాబుల్ని 2020లో 200 అక్షరాల వరకు తీసుకున్నారు, 2010లో 30 అక్షరాలే. ఆ జవాబులకు సంకేతాలివ్వడం కూడా మార్చారు. దాంతో దేశంలో రెండు, అంతకంటే ఎక్కువ జాతులవాళ్లు 2.9 శాతం నుంచి 10.2 శాతానికి ఎగిశారు. అందులో మిశ్రమ వివాహాల పిల్లలున్నారు, నిజమే. కానీ పెద్ద భాగం లెక్కించే పద్ధతిది. కాబట్టి ఫ్రీమాంట్‌లో ఆ వరస 2010కి 2020కి మధ్య ఎంత పెరిగిందో చూపించి సంబరపడకండి. రెండో హెచ్చరిక: గోప్యత కోసం 2020 అంకెల్లో కావాలని కొంత చెదురు కలిపారు, అంటే అంకెల్ని కాస్త అటూ ఇటూ జరిపారు. రాష్ట్రం మొత్తం జనాభా అంకె మాత్రం కచ్చితం. ఊరి స్థాయిలో చెదురు పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. మీ వీధి బ్లాకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ముగ్గురున్న చోట ఏడుగురు కనబడవచ్చు. బ్లాకుల్ని పది ఇరవై కలిపి చూడండి, లేకపోతే ట్రాక్టు, అంటే చాలా బ్లాకులు కలిసిన జనగణన ప్రాంతం, వాడండి.

2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం జాతి గడులు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాన్నే మార్చింది. హిస్పానిక్ ప్రశ్న, జాతి ప్రశ్న కలిసి ఒకే ప్రశ్న అవుతాయి, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు విడిగా వరస వస్తుంది. ఆసియన్ నిర్వచనంలో మధ్య ఆసియా కూడా చేరింది. ఈ ప్రమాణంతో పట్టిక వచ్చిన రోజు, ఇప్పటి శ్వేతజాతి వరసలోంచి, ‘వేరే జాతి’ వరసలోంచి జనం బయటికి కదులుతారు. ఆ ఏడు ఊళ్లో ఎవరూ ఇల్లు మారకపోయినా వాటాలు మారతాయి. ఇప్పుడే 2020 పి2 పట్టిక, తాజా అయిదేళ్ల బి03002, బి04006, బి05006 దింపుకుని ఫారం నకలుతో బాటు సంఘం దగ్గర దాచిపెట్టుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.